మోకాలెత్తు కుర్చీ

ఆ వానాకాలం మా అత్తయ్య నిలబడింది. ఎన్నికల్లో కాదు, మా ఇంట్లోనే, పని గదికీ వంటింటికీ మధ్య గుమ్మంలో. ఎన్నికల్లో నిలబడ్డవాళ్ళు ఓట్ల లెక్క తేలగానే ఇంటికి పోయి కూర్చుంటారు. మా అత్తయ్య కూర్చోలేదు. ఎందుకు కూర్చోలేదో చెప్పాలంటే ముందు ఆవిడ మోకాళ్ళ గురించి చెప్పాలి.

మాది పేము కుర్చీలు చేసే ఇల్లు. మాది అంటే మా అత్తవారిది. నేను దర్జీల ఇంట్లో పుట్టినదాన్ని. పెళ్ళయి వచ్చి అప్పటికింకా ఏడాది తిరగలేదు కాబట్టి, ఈ ఇంట్లో ఎవరు ఎందుకు అరుస్తారో, ఎవరు ఎందుకు అలుగుతారో నేర్చుకునే దశలోనే ఉన్నాను. వీధివైపున్న పెద్ద గది పని గది. అక్కడ మామయ్య పేము కర్రని మంట మీద కాచి, వంచి, కుర్చీకి ఎముకల గూడు కడతాడు. మా ఆయన మేకులు కొట్టి, గరుకు కాగితంతో రుద్ది, వార్నిషు పూస్తాడు. కూర్చునే చోటు, వీపు ఆనించే చోటు సన్నగా చీల్చిన పేముతో అల్లేది అత్తయ్య. అందరి పనీ నేల మీదే. ఊరందరి వీపులకీ సుఖం చేసిపెట్టే మా ఇంట్లో కూర్చోవడానికి కుర్చీ అన్నది లేదు. ఉన్నవన్నీ అమ్మకానివి. వాటిలో ఇంట్లోవాళ్ళు కూర్చుంటే అల్లిక వదులవుతుందని మామయ్య ఎవర్నీ కూర్చోనివ్వడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత ఎవరు కట్టారో గానీ, ముందొకసారి మా ఇంటికి వచ్చి చూసి వెళ్ళి ఉంటారు.

వానలు మొదలయ్యేసరికి అత్తయ్యకి నేల మీంచి లేవడం కష్టమైపోయింది. లేచేటప్పుడు గోడ పట్టుకునేది. గోడ అందకపోతే నన్ను పట్టుకునేది. నేనూ అందని రోజున ఉన్నచోటే కూర్చుని, ఎవరో ఒకరు వచ్చేదాకా ఇంకో వరస అల్లేది. చూసి చూసి నేనే ఆవిణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ ఆవిడ చేసిన మొదటి పని, రోగులు కూర్చునే కుర్చీని తిరగేసి అడుగు చూడటం.

"ఇది మనదే," అంది నాతో. "ముడి చూడు. ఎవరో దీన్ని నీళ్ళతో కడిగి ఎండలో పెట్టారు. బుద్ధి ఉండద్దూ?"

డాక్టరు ఆవిడ మోకాళ్ళు అటూ ఇటూ నొక్కి చూసి మందులు రాశాడు. "ఇకనించి నేల మీద కూర్చోకండమ్మా. బాసింపట్టు అసలే వద్దు. కుర్చీలో కూర్చోండి."

"మా ఇంట్లో కుర్చీ లేదండీ," అంది అత్తయ్య.

డాక్టరు పెన్ను ఆపి చూశాడు. "మీరు కుర్చీలు చేసేవాళ్ళే కదా?"

"అందుకే లేదండీ."

ఇంటికి వచ్చాక ఆ సంగతి మామయ్యకి నేనే చెప్పాను. మామయ్య గొంతు వీధి మలుపుదాకా వినిపిస్తుంది. చిన్నప్పటినించీ మంట హోరులో పనిచేసి పనిచేసి, మామూలు గొంతు ఎలా ఉంటుందో ఆయన మరిచిపోయాడు. ఆయన అరిచాడంటే మాట్లాడాడని అర్థం. నిజంగా అరిస్తే ఏమవుతుందో నాకు ఇప్పటికీ తెలియదు.

"కుర్చీయేగా?" అని అరిచాడు. "ఊళ్ళో సగం మంది నా కుర్చీల్లోనే కూర్చున్నారు. ఇంట్లో మనిషికి ఒకటి చెయ్యలేనా? ఎలాంటిది కావాలో చెప్పు."

అత్తయ్య మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. అడిగినవాళ్ళు లేక ఇన్నాళ్ళూ మనసులోనే ఉంచుకున్న కోరిక కాబట్టి, గబగబా చెప్పేసింది. "వీపు పొడుగ్గా పెట్టు, కాస్త వాలేట్టు. పక్కన చేతులొద్దు, అల్లేటప్పుడు మోచెయ్యి తగుల్తుంది. వెడల్పు కొంచెం ఎక్కువుంటే బావుంటుంది. నేనేమన్నా సన్నజాజి తీగనా?"

అబద్ధం ఎందుకు చెప్పాలి, మామయ్య చక్కగానే చేశాడు. అల్లిక మాత్రం అత్తయ్యే అల్లుకుంది, గోడకి జారబడి, కాళ్ళు చాపుకుని, నేల మీద కూర్చోవడం ఇదే ఆఖరని నాతో మురిపెంగా చెప్పుకుంటూ. మా ఆయన వార్నిషు పూసి వీధి గుమ్మం దగ్గర పెట్టాడు. వానాకాలంలో వార్నిషు ఆరడం అలిగిన పిల్ల అన్నానికి రావడం లాంటిది. ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేరు.

అది ఆరేలోపలే లాడ్జి ఓనరు వచ్చాడు. బస్టాండు ఎదురుగా ఆయన కొత్త లాడ్జి కట్టిస్తున్నాడు. మనిషి భారీ, గొంతు మామయ్యకేమీ తీసిపోదు. వాళ్ళిద్దరూ క్షేమసమాచారాలు మాట్లాడుకుంటుంటే అరుగు కింద పడుకున్న కుక్క లేచి వేరే వీధికి పోయింది. వరండాకీ గదులకీ కలిపి బోలెడు కుర్చీలు కావాలిట, లాడ్జి తెరిచేలోగా ఇవ్వాలిట. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన వెనక్కి జరిగి అత్తయ్య కుర్చీలో కూర్చున్నాడు. తడి వార్నిషు చొక్కాకి అంటుకుంది. అయినా లేవలేదు.

"ఆహా. ఇదిగో మేస్త్రీ, అచ్చం ఇలాంటివే కావాలి నాకు. దీన్ని నమూనాకి తీసుకుపోతా, మా ఆవిడకి చూపించాలి."

అది ఇంట్లోకి చేసుకున్నదని చెప్పడానికి మామయ్య నోరు తెరిచాడు. తెరవడం నేను చూశాను. తెరిచిన నోట్లోంచి, "దానిదేముందండీ, తప్పకుండా," అని వచ్చింది.

వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య అంతా చూస్తూనే ఉంది. ఓనరు వెళ్ళాక మామయ్యే అన్నాడు, "ఇంత పెద్ద పని ఇంటికొస్తే ఒక్క కుర్చీ దగ్గర చూసుకుంటామా? ఇంకోటి చేస్తా. దాని తాత లాంటిది చేస్తా."

ఆ తాత లాంటిది కూడా అయింది. అయిన రోజునే లాడ్జికి మొదటి విడత కుర్చీలు ఎక్కించడానికి బండి వచ్చింది. ఎక్కించేటప్పుడు ఒక కుర్చీ కాలు బీట ఇచ్చింది. చెప్పిన లెక్కకి ఒకటి తక్కువ పంపితే పరువు పోతుందని మామయ్య అటూ ఇటూ చూశాడు. ఆయన చూపు వీధి గుమ్మం దగ్గర ఆరబెట్టిన కుర్చీ మీద ఆగింది. మా ఆయన, "నాన్నా, అది అమ్మది," అన్నాడు గానీ, అప్పటికే మామయ్య దాన్ని బండిలోకి అందించేస్తున్నాడు.

బండి వెళ్ళిపోయింది. వాన చినుకులు మొదలయ్యాయి. అత్తయ్య చేతిలో అల్లుతున్నదాన్ని పక్కన పెట్టి, గోడ పట్టుకుని, నన్ను పట్టుకుని లేచి నిలబడింది.

"ఏమండీ," అంది. "మీతో ఒక మాట చెప్పాలి."

మా ఆయన చేతిలో సుత్తి ఆగిపోయింది. అత్తయ్య మామయ్యని ఎప్పుడూ 'ఏమయ్యా, నువ్వు' అనే అంటుంది. ఆవిడ 'మీరు' అందంటే వానకంటే ముందు వాడ కొట్టుకుపోతుందని నాకు ఆ తర్వాత మా ఆయన చెప్పాడు.

"డాక్టరుగారు నేల మీద కూర్చోవద్దన్నారు, కుర్చీలో కూర్చోమన్నారు. కుర్చీ లేదు కాబట్టి నేను నిలబడతాను. మీరు కుర్చీ ఇచ్చాక కూర్చుంటాను. కూర్చున్నాక అల్లుతాను."

"నిలబడి అల్లకూడదా ఏం?" అన్నాడు మామయ్య.

"నిలబడి వండొచ్చు, నిలబడి తినొచ్చు, నిలబడి తిట్టొచ్చు. నిలబడి అల్లడం మా అమ్మ నాకు నేర్పలేదండీ."

"అమ్మా, మంచం మీద కూర్చో," అన్నాడు మా ఆయన.

"మంచం పడుకోడానికిరా."

అలా మొదలైంది. పొద్దున్నే లేచి, స్నానం చేసి, శుభ్రమైన చీర కట్టుకుని, అత్తయ్య వచ్చి గుమ్మంలో ద్వారబంధానికి ఆనుకుని నిలబడేది. కూరలు నిలబడే తరిగేది. కాఫీ నిలబడే తాగేది. నొప్పి ఎక్కువైతే వెళ్ళి కాసేపు పడుకుని మళ్ళీ వచ్చి నిలబడేది. నాకు జాలేసి, మధ్యాహ్నం పూట ఎవరూ చూడకుండా బియ్యం డబ్బా మీద కూర్చోమన్నాను. "స్ట్రైకులో దొంగతనమేంటమ్మాయ్, అసహ్యంగా," అంది.

మామయ్యకి అసలు కష్టం ఏమిటంటే ఆవిడ పని మానెయ్యడం కాదు, పైనించి చూడటం. ఇన్నేళ్ళూ పక్కపక్కన నేల మీద కూర్చుని పనిచేసిన మనుషులు. ఇప్పుడు ఆయన కింద, ఆవిడ పైన. పైనించి చూస్తే ఎవరి పనైనా తప్పుగానే కనిపిస్తుంది కాబోలు.

"ఆ మేకు వంకర పోయింది," అనేది గుమ్మంలోంచి. "ఆ బీరువా మీద ఎంత దుమ్ముందో, నాకు తెలీనే తెలీదు." ఒకరోజు చాలాసేపు ఏమీ అనకుండా చూసి చూసి, "మీకు నడినెత్తిన జుట్టు పోయిందండీ," అంది. మామయ్య ఆ రోజంతా తలకి తువ్వాలు చుట్టుకుని పనిచేశాడు.

గదిలో అల్లిక లేని కుర్చీలు పేరుకుపోయాయి. పని గది నిండి నడవలోకి వచ్చాయి, నడవ నిండి మేము పడుకునే గదిలోకి వచ్చాయి. అన్నిటికీ కాళ్ళున్నాయి, వీపులున్నాయి, కూర్చునే చోట ఖాళీ. వాటి మధ్యలోంచి నడవాలంటే కొన్నిట్లోంచి దూరి వెళ్ళాల్సి వచ్చేది. మా ఆయన మెల్లగా, "నాన్నా, అమ్మకో కుర్చీ చేసి పారేస్తే పోయేదానికి," అన్నాడు. కానీ మామయ్య పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. ఆడవాళ్ళు నిలబడితే మగవాళ్ళు పడిపోరని, అల్లడం ఏమంత బ్రహ్మవిద్య కాదని, తనే అల్లుతానని కూర్చున్నాడు.

చీల్చిన పేముని నానబెట్టే అల్లాలి. ఎండాకాలం బాగా నానినా పర్లేదు, ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. వానాకాలంలో అలా కాదు. తడి ఎక్కువైతే ఆరదు, ఆరకపోతే బిగియదు. ఎంత నానాలో అత్తయ్య బొటనవేలికి చుట్టి చూసి చెప్పేది. మామయ్యకి ఆ సంగతి తెలియదు. ఇన్నేళ్ళూ ఆయన అల్లిక వైపు చూడాల్సిన అవసరమే రాలేదు. పేముని బాగా మెత్తబడేదాకా తొట్టిలో వదిలేసి, తీసి, పళ్ళు బిగబట్టి అల్లాడు. చూడటానికి బాగానే ఉంది. గర్వంగా ఒకసారి గుమ్మం వైపు చూశాడు. అత్తయ్య తొట్టిని చూసింది, అల్లికని చూసింది, కిటికీలోంచి వానని చూసింది.

రెండు రోజుల తర్వాత లాడ్జి ఓనరు పని ఎందాకా వచ్చిందో చూడటానికి వచ్చాడు.

"కూర్చోండి, కూర్చోండి. నేను అల్లిందే," అన్నాడు మామయ్య.

ఓనరు కూర్చున్నాడు. కుర్చీ విరగలేదు, తెగలేదు. విరిగినా తెగినా ఒక్కసారిగా అయిపోయేది. అది మెల్లగా సాగింది. ఆయన లాడ్జి గురించి చెబుతూ, కొళాయిల గురించి చెబుతూ, రంగుల గురించి చెబుతూ, మాట మధ్యలో ఆపకుండా కిందికి దిగుతున్నాడు. మేమందరం చూస్తున్నాం. చెప్పాలా వద్దా అని ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటున్నాం. మోకాళ్ళు ఆయన గడ్డం దాకా వచ్చాక ఆయనకే అనుమానం వచ్చింది.

"మేస్త్రీ," అన్నాడు, "నేను మునుగుతున్నానా?"

లేవబోయాడు. ఆయనతో పాటు కుర్చీ కూడా లేచింది. మామయ్య చేతులు పట్టుకుని లాగాడు, మా ఆయన కుర్చీ కాళ్ళు పట్టుకుని లాగాడు. ఓనరు ఇద్దరినీ తిడుతూ నడుం వంచి గదిలో చుట్టూ తిరిగాడు. నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తి గిన్నెలు చప్పుడు చేశాను. చివరికి అత్తయ్యే గుమ్మంలోంచి, "పక్కకి తిరిగి, ఊపిరి వదలండి బాబూ," అంది. వదిలాడు, ఊడి వచ్చాడు.

"ఇలాంటివి గదుల్లో వేస్తే నా లాడ్జిలో దిగినవాళ్ళు మళ్ళీ లేస్తారా?" అని అరిచాడు ఓనరు. "నమూనా కుర్చీ అల్లినవాళ్ళతోనే అన్నీ అల్లించాలి. లేకపోతే నా పని నేను వేరేచోట చూసుకుంటా."

ఆయన వెళ్ళాక మామయ్య ఆ సాగిన కుర్చీని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత అత్తయ్యకి కుర్చీ చెయ్యడం మొదలుపెట్టాడు. వీపు పొడుగు, కాస్త వాలు. చేతుల్లేవు. వెడల్పు ఎక్కువ. అల్లడానికి నన్ను కూర్చోబెట్టారు. నేను కింద కూర్చుని అల్లుతుంటే అత్తయ్య పైనించి చెప్పేది. చెప్పడమంటే పెద్దగా ఏమీ లేదు. "విప్పు," అనేది. విప్పి మళ్ళీ అల్లేదాన్ని. "విప్పు," అనేది. సూదీ దారం అలవాటున్న చేతులు కాబట్టి చివరికి ఎలాగో ఒప్పుకుంది.

ఈసారి వార్నిషు ఆరేదాకా మామయ్య వీధి తలుపు తియ్యలేదు. ఆరాక కుర్చీని తెచ్చి గది మధ్యలో పెట్టి, "ఇదిగో," అన్నాడు.

అత్తయ్య చీర సర్దుకుని కూర్చుంది. ఆవిడ కుర్చీలో కూర్చోవడం మేమెవ్వరం అంతకుముందు చూడలేదు. చూస్తే ఆవిడ పాదాలు నేలకి ఆనలేదు. గాల్లో వేలాడుతున్నాయి. ముందుకి జరిగి వేళ్ళు ఆనించబోతే వీపు ఆనలేదు. వెనక్కి జరిగితే తొడ కింద కుర్చీ అంచు నొక్కుకుంది. మొహం చిట్లించి, "నొప్పి ఇంకా ఎక్కువైందండీ," అంది. ఈసారి ఆ 'అండీ'లో కోపం లేదు, అలసట ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"మామయ్యా, ఎత్తు దేనితో కొలిచారు?" అని అడిగాను.

మామయ్య తన మోకాలి మీద చరిచాడు. "దీంతోనే. ఎప్పుడూ దీంతోనే. మా నాన్న కుర్చీలన్నీ మా నాన్న మోకాలెత్తు, నా కుర్చీలన్నీ నా మోకాలెత్తు. మా పనిలో అంతే."

మామయ్య తాటిచెట్టంత మనిషి. డాక్టరు దగ్గర రోగులందరూ కుర్చీల్లో కూర్చుని ఎందుకు కాళ్ళాడిస్తున్నారో నాకప్పుడు తెలిసింది. అప్పటిదాకా అదేదో జబ్బనుకున్నాను.

మామయ్య వెళ్ళి రంపం తెచ్చాడు. "ఏముంది, కాళ్ళు కొంచెం కోసేస్తే సరి."

"కోస్తే నీ కుర్చీ పొట్టిదవుతుంది," అంది అత్తయ్య, "నా కుర్చీ అవదు. నడుం దగ్గర వంపు చూడు, అది నీ నడుంది. నన్ను ఎప్పుడన్నా చూసి చేస్తే కదా."

'నువ్వు'కి దిగింది. కానీ ఆ దిగడం మామయ్యకి సంతోషంగా అనిపించినట్టు లేదు. రంపం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను పెట్టెలోంచి నా టేపు తెచ్చాను. పుట్టింటినించి తెచ్చుకున్నది.

"నువ్వు కొలిస్తే జాకెట్టు అవుతుందమ్మాయ్," అంది అత్తయ్య. "కుర్చీ చేసేవాళ్ళే కొలవాలి."

కోడలి ముందు, ఎదిగిన కొడుకు ముందు పెళ్ళాం కాలు పట్టుకోవడం ఎలా అని మామయ్య గింజుకుంటున్నాడని నాకు అర్థమైంది. మా ఆయనకి ఉన్నట్టుండి మేకులు అయిపోయాయన్న సంగతి గుర్తొచ్చి, జోరువానలో గొడుగైనా లేకుండా వెళ్ళిపోయాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను. ఆ గుమ్మానికి తలుపు లేదు. అది నా తప్పు కాదు.

మామయ్య సన్నని వెదురు బద్ద ఒకటి తీసుకుని ఆవిడ ముందు నేల మీద కూర్చున్నాడు. అరచెయ్యి చాపి ఆవిడ మడమ కింద పెట్టాడు. బద్దని మడమ దగ్గర్నించి మోకాలిదాకా ఆనించి గోటితో గాటు పెట్టాడు. ఆ చెయ్యి మోకాలి మీదికి వచ్చి ఆగింది.

"ఇదేంటే, ఇంత వేడిగా ఉంది?"

"వాపు."

"ఎప్పట్నించి?"

"పోయిన వానల్నించి."

"చెప్పద్దూ?"

"చెప్పాను. నువ్వు మంట దగ్గరున్నావు. వినపడలేదు."

మామయ్య ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక అదే కొలత మళ్ళీ మొదట్నించి తీసుకున్నాడు. రెండో కాలు కూడా కొలిచాడు. కుర్చీకి రెండో కాలి కొలత ఎందుకో నాకు తెలియదు.

ఆ కుర్చీ మీద ఆయన చాలా రోజులు పనిచేశాడు. వంచిన కర్రని పట్టుకొచ్చి ఆవిడ నడుముకి ఆనించి చూసుకునేవాడు. సరిపోకపోతే మళ్ళీ మంట దగ్గరికి వెళ్ళేవాడు. "నిలబడి నిలబడి చచ్చిపోతున్నానయ్యా, కానీయ్," అని ఆవిడ విసుక్కుంటే, "కదలకు," అనేవాడు. ఆ పొడుగు కుర్చీ మీంచి అల్లికంతా విప్పేసి నేను మళ్ళీ కొత్తదానికి అల్లాను. ఈసారి "విప్పు" అన్న మాట తక్కువసార్లే వినపడింది.

అయ్యాక అత్తయ్య కూర్చుంది. పాదాలు రెండూ నేల మీద పూర్తిగా ఆనాయి. మడమలు కూడా. వీపు వెనక్కి వాల్చింది. మేమందరం ఆవిడ ఏమంటుందా అని చూస్తున్నాం.

"ఆ పేము ఇలా తే," అంది నాతో. "తొట్టిలోంచి తీసి ఎంతసేపైంది?"

అంతే. ఆ కుర్చీలోంచే లాడ్జి కుర్చీలన్నీ అల్లింది. నన్ను పక్కన పెట్టుకుని, అల్లుతూ, అల్లిస్తూ, పేము తడి చూస్తూ, మామయ్యకి మేకుల వంకర చెబుతూ. కుర్చీ వచ్చినా పైనించి చూడటం మాత్రం మానలేదు. మా ఆయన ఒకసారి, "స్ట్రైకు చేసినావిడ మేనేజరైపోయింది," అన్నాడు. వాన వెలిసేనాటికి నడవ ఖాళీ అయింది, మా గది ఖాళీ అయింది, పని గదిలో అన్ని కుర్చీలూ వరసగా నిలబడ్డాయి.

ఓనరు వచ్చిన రోజు మధ్యాహ్నం చల్లగా ఉంది. అన్నం తిన్నాక అత్తయ్య కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల పక్కకి వాల్చి నిద్రపోయింది. ఆవిడ పగలు నిద్రపోవడం నేను చూడలేదు. మా ఆయనా చూడలేదట. మామయ్య కొడుతున్న సుత్తి పక్కన పెట్టాడు. మంట ఆర్పేశాడు. ఇంట్లో ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, చూరు నీళ్ళు చుక్కచుక్కగా పడటం వినిపిస్తోంది.

"మేస్త్రీ," అని అరుస్తూ ఓనరు గుమ్మంలోకి వచ్చాడు.

మామయ్య పెదాల మీద వేలు పెట్టి, అత్తయ్యని చూపించాడు. ఓనరు కంగారుపడి చెప్పులు విప్పి, మునివేళ్ళ మీద లోపలికి వచ్చాడు. ఒక్కో కుర్చీలో మెల్లగా కూర్చుని, మెల్లగా లేచి చూశాడు. అన్నీ బిగుతుగా, గట్టిగా ఉన్నాయి. అయినా వచ్చింది బేరగాడు కదా. మామయ్య దగ్గరికొచ్చి గుసగుసగా, "ఆ రోజు మునిగానుగా. కొంచెం తగ్గించాలి," అన్నాడు.

మామూలుగా అయితే మామయ్య దానికి జవాబుగా తన చేతుల గురించి, పేము ధర గురించి, ఓనరు బరువు గురించి వీధి వీధంతా వినేలా ఒక ఉపన్యాసం ఇస్తాడు. ఆ ఉపన్యాసం కోసమే ఆయన గుండె నిండా గాలి పీల్చాడు. కుర్చీ వైపు చూశాడు. పీల్చిన గాలి మెల్లగా వదిలేశాడు.

"అలా కాదండీ," అన్నాడు గుసగుసగా. గుసగుసలో ఆ మాటకి బలం లేకుండా పోయింది. మా పొట్ట కొట్టకండి అన్న మాట మెల్లగా అని చూడండి, ఎవరూ నమ్మరు.

"అలాగే కానివ్వండి మేస్త్రీ," అన్నాడు ఓనరు ఇంకా మెల్లగా, చెయ్యి చాపుతూ.

మామయ్య మళ్ళీ ఒకసారి అత్తయ్య వైపు చూసి ఆ చేతిలో చెయ్యేశాడు. మా ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ముగ్గురూ కుర్చీలని ఒక్కొక్కటిగా, నేలకి తగలకుండా ఎత్తుకుని వీధిలో బండి దగ్గరికి మోయసాగారు. వీధిలోకి వెళ్ళాక కూడా వాళ్ళు గుసగుసలే ఆడుకుంటున్నారు.

అత్తయ్య కాళ్ళ మీద దుప్పటి కప్పుదామని నేను దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"ఒప్పేసుకున్నాడా?"

"మీరు మేలుకునే ఉన్నారా అత్తయ్యా?"

"ఓనరు గుమ్మంలో అరిచినప్పట్నించీ."

"మరి లేవద్దూ? మీరు లేస్తే మామయ్య అలా తగ్గేవారా?"

"తగ్గేవాడు కాదు," అంది. "అందుకే లేవలేదు. ఇన్నేళ్ళకి ఆ మనిషి నాకోసం గొంతు తగ్గించాడమ్మాయ్. ఎందాకా తగ్గిస్తాడో చూద్దామని పడుకున్నా."

వీధిలో బండి కదిలింది. మామయ్య మునివేళ్ళ మీద గుమ్మంలోకి వస్తున్నాడు. అత్తయ్య గబుక్కున కళ్ళు మూసుకుని తల పక్కకి వాల్చేసింది. మామయ్య వచ్చి దూరంగా నిలబడి, లేచిందా అని నన్ను కళ్ళతోనే అడిగాడు. లేదన్నాను.